చల్లని ఇల్లు ఎవరి చదువు? – తాటాకు నుంచి స్లాబు దాకా



ఈ వరసలో పోయినసారి ఊరబావి గురించి రాశాను. ఈసారి ఇంటి కప్పు గురించి. "కప్పుకి చరిత్ర ఏముంటుంది మేడమ్?" అని నా విద్యార్థి ఒకడు అడిగాడు. ఉంది. ఎవరి ఇంటి మీద ఏ కప్పు ఉండాలో ఈ దేశంలో చాలా చోట్ల కులమే చెప్పింది. ఆ సంగతి తెలియకుండా, ఈ రోజు అందరూ మాట్లాడుతున్న 'పర్యావరణహిత గృహ నిర్మాణం' అనే మాటని మనం ఊరికే ఒప్పుకోనూ కూడదు, ఊరికే కొట్టిపారేయనూ కూడదు. కొంచెం పొడుగు వ్యాసం. ఓపిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న సంగతి చెప్తాను.

పోయిన ఫిబ్రవరిలో మా కాలేజీ పిల్లల్ని ఒకరోజు విహారయాత్రకి తీసుకెళ్ళాం. దారిలో భోజనానికి ఒక రిసార్టు దగ్గర ఆగాం. అక్కడ ఆరేడు మట్టి ఇళ్ళు కట్టారు. అడుగున్నర మందం గోడలు, పైన తాటాకు, పేడతో అలికిన నేల. దూలాలు, తలుపులు అన్నీ పాత ఇళ్ళు పడగొట్టిన చోట కొనుక్కొచ్చినవి. అక్కడ పనిచేసే కుర్రాడు పిల్లలకి వివరించాడు. కరెంటు, ఏసీ సాయం లేకుండా గోడ, కప్పు, నీడ, గాలితోనే ఇంటిని చల్లగా ఉంచడాన్ని ప్యాసివ్ డిజైన్ అంటారని, పాత సామాను మళ్ళీ వాడితే భూమికి భారం తగ్గుతుందని చెప్పాడు. అన్నీ నిజాలే. బాగా చెప్పాడు కూడా. రాత్రికి అద్దె ఎంత అని ఎవరో అడిగితే ఎనిమిది వేలన్నాడు.

నా పక్కన నిలబడ్డ అమ్మాయిది ఒక మాదిగపల్లె. మెల్లగా నా చెవిలో అంది: "మేడమ్, ఇది మా తాతమ్మ ఇల్లే కదా. ఇలాంటి ఇంట్లో ఉన్నామనే కదా మా అక్క సంబంధం వెనక్కి పోయింది."

ఆ పిల్ల అన్న రెండు మాటల మధ్య ఉన్న చరిత్రే ఇవాళ రాస్తున్నాను.

ప్రకాశం జిల్లాలో మా నాయనమ్మ ఇల్లు నాకు బాగా గుర్తు. ఆ ఇంటిని ఎవరూ కాగితం మీద గీయలేదు. చెరువు ఎండినప్పుడు అడుగు మట్టి తెచ్చేవాళ్ళు. అందులో జిగురెక్కువ. దాన్లో కొంచెం ఇసక, వరిగడ్డి ముక్కలు కలిపి, నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే కాళ్ళతో తొక్కేవాళ్ళు. మట్టి ఆరేటప్పుడు గోడ పెద్దగా పగలకుండా గడ్డి పట్టి ఉంచుతుంది. ముద్దలు పేర్చి మూరెడు ఎత్తు ఒక వరస పెట్టేవాళ్ళు. అది ఆరాకే ఇంకో వరస. తొందరపడి ఒక్కసారే లేపితే గోడ జారిపోతుంది. నిట్టాళ్ళు పాతి, వాటి మీద దూలం ఎక్కించి, రెండు పక్కలా తాటి వాసాలు దించేవాళ్ళు. అడ్డంగా వెదురు బద్దలు కట్టి, వాటి మీద తాటాకు కిందినుంచి పైకి చేప పొలుసుల్లాగా కప్పుకుంటూ పోయేవాళ్ళు. మేకు అనేది ఎక్కడా ఉండేది కాదు. అంతా నార కట్టే.

ఆ ఇల్లు ఎందుకు చల్లగా ఉండేది? మందపాటి మట్టిగోడ పగటి ఎండని తనలో దాచుకుంటుంది. ఆ వేడి లోపలివైపుకి చేరేసరికి దాదాపు సగం రోజు పడుతుంది. అప్పటికి బయట చల్లబడుతుంది. తాటాకు పొరల మధ్య గాలి నిలిచి ఉంటుంది, గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. పైగా ఆకుల సందుల్లోంచి లోపలి వేడిగాలి పైకి పోతుంది. చూరు బాగా కిందికి దించుతారు కాబట్టి ఎండ గోడని తాకదు, వాన గోడని కోయదు. వాకిట్లో వేపచెట్టు, చెట్టు కింద నీళ్ళ కుండ. ఇంజనీరింగ్ పుస్తకాలు ఈ పనులన్నిటికీ వేరువేరు పేర్లు పెట్టాయి. మా నాయనమ్మకి ఆ పేర్లేవీ తెలియవు. గోడ ఎంత మందం పెట్టాలో, చూరు ఎంత దించాలో మాత్రం తెలుసు. అది చదువు కాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను.

అయితే మిత్రులారా, చల్లదనం దగ్గరే ఆగిపోతే మనం కూడా రిసార్టు కుర్రాడి మాటే చెప్పినవాళ్ళం అవుతాం.

ఆ ఇంటిని నిలబెట్టిన పని ఎవరిది? వానాకాలం పోయాక కోసుకుపోయిన గోడల్ని మళ్ళీ మెత్తాలి. పండక్కి ఎర్రమట్టి, సున్నం పూయాలి. వారానికి రెండుసార్లు నేల అలకాలి. పేడ కోసం ఆసామి దొడ్డికి పోవాలి. అక్కడ వాళ్ళ దొడ్డి ఊడ్చిపెడితేనే బుట్టెడు పేడ. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. అప్పుడు మాత్రమే మగవాళ్ళ పని. మిగతాదంతా నాయనమ్మ, ఆ తర్వాత మా అమ్మ. పొద్దున నాట్లకి, కలుపుకి పోయి వచ్చాక సాయంత్రం ఈ పని. 'తక్కువ ఖర్చు ఇల్లు' అని లెక్కలు వేసేవాళ్ళు ఈ కూలిని ఎక్కడా రాయరు. ఆడవాళ్ళ చేతుల్ని లెక్కలో వేస్తే ఆ ఇల్లు అంత చవకేమీ కాదు.

ఇక భయం సంగతి. వేసవిలో గాలి లేచిందంటే పల్లె అంతా పొయ్యిలు ఆర్పేసేది. ఒక ఇంటి మీద నిప్పురవ్వ పడితే వరసంతా పోతుంది. చూర్లు ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. ఎందుకంటే పల్లెకి ఇచ్చిన జాగా అంతే. మా నాన్న చదివిన పుస్తకాలు, బడి సర్టిఫికెట్లు రెండుసార్లు కాలిపోయాయి. రెండోసారి తర్వాత ఆయన ఆరో తరగతికి పోలేదు.

తెలుగు సాహిత్యం చదువుకునే పిల్లలకి ఇక్కడ ఒక మాట. బోయి భీమన్న గారి కవితా సంపుటి 'గుడిసెలు కాలిపోతున్నై'కి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పరీక్షలో ఆ పేరు ఒక మార్కు ప్రశ్నగా వస్తుంది, రాసి వదిలేస్తారు. ఆ పేరుని ఒక్కసారి ఆగి చూడండి. మన దగ్గర గుడిసె కాలడం ప్రమాదం మాత్రమే కాదు. తమిళనాడు తంజావూరు ప్రాంతంలో కీళ్వెణ్మణి అనే ఊరుంది. 1968 డిసెంబరు 25 రాత్రి అక్కడ కూలి పెంచమని అడిగిన దళిత కూలీల మీద భూస్వాముల మనుషులు దాడి చేశారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు ఒక చిన్న గుడిసెలోకి పోయి దాక్కున్నారు. బయటనుంచి నిప్పు పెట్టారు. 44 మంది కాలిపోయారు. హైకోర్టులో భూస్వాములు నిర్దోషులుగా బయటికొచ్చారు. గోడ మట్టిదైనా, కప్పు ఆకుదైతే ఆ ఇల్లు శత్రువు చేతిలో ఆయుధం అవుతుంది. ఇది ఏ ఆర్కిటెక్చర్ పాఠంలోనూ ఉండదు.

నీళ్ళ సంగతి కూడా అంతే. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి మీ పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. సుమారు పదివేల మంది పోయారని ప్రభుత్వ లెక్కే చెప్పింది. ఉప్పెన ముందు మట్టిగోడ, తాటాకు నిలబడవు. గట్టి కట్టడం ఎక్కగలిగినవాళ్ళకి బతికే అవకాశం ఉండింది. పల్లెలు సాధారణంగా పల్లపు జాగాల్లోనే ఉంటాయి. నీళ్ళు ముందు మన ఇంటికే వస్తాయి.

మరి మనవాళ్ళు అంతకాలం ఆకు కప్పు కిందే ఎందుకున్నారు? డబ్బు లేక అనే జవాబు సగమే నిజం.

మనుస్మృతి పదో అధ్యాయం తీయండి. చండాలురు ఊరి బయట ఉండాలి, పగిలిన పాత్రల్లో తినాలి, శవాల మీది బట్టలు కట్టుకోవాలి, ఇనుప నగలు పెట్టుకోవాలి అని రాసి ఉంటుంది. జాగ్రత్తగా గమనించండి. ఇది ఒకరు వాడి పారేసిన సామాను మళ్ళీ వాడటమే. పాత వస్తువుని తిరిగి వాడటాన్ని ఈ రోజు గొప్ప విలువగా చెప్తున్నారు. మంచిదే. కానీ మన మీద దాన్ని శిక్షగా పెట్టారు. అదే పని ఒకరు ఇష్టపడి చేస్తే ఆదర్శం, ఇంకొకరి చేత బలవంతంగా చేయిస్తే అంటరానితనం.

కేరళ చరిత్రలో దీనికి రుజువు మాటల్లోనే దొరుకుతుంది. విలియం లోగన్ అనే బ్రిటిష్ అధికారి 1887లో అచ్చయిన 'మలబార్ మాన్యువల్'లో, అక్కడ ఇల్లు అనే వస్తువుకి కులాన్ని బట్టి పేర్లున్నాయని నమోదు చేశాడు. చెరుమన్ ఇల్లు 'చాళ'. కమ్మరి, కంసాలి, కల్లుగీత కులాలదైతే 'పుర' లేదా 'కుడి'. నాయర్‌ది 'వీడు'. బ్రాహ్మణుడిది 'ఇల్లం', రాజుది 'కోవిలగం'. నాలుగు గోడలూ ఒక కప్పే, కానీ పేరు పలకగానే లోపల ఉన్నవాడి కులం తెలిసిపోవాలి. దక్షిణ తిరువాన్కూరులో నాడార్లకి ఒక అంతస్తుకి మించి ఇల్లు కట్టే హక్కు లేదు. గొడుగు, చెప్పులు, బంగారం లాగానే ఎత్తు కూడా నిషేధమే.

మనమేం తక్కువ తినలేదు. తెలుగులో గుడిసె, పాక, కొట్టం, పెంకుటిల్లు, లోగిలి, మేడ, గడి, దివాణం... ఈ మాటల్ని వరసగా రాసి ఎదురుగా కులాలు రాయమంటే క్లాసులో ఏ పిల్లాడైనా రాసేస్తాడు. గోదావరి జిల్లాల మండువా లోగిలిని వాతావరణానికి తగిన ఇల్లంటూ ఈ రోజు పత్రికలు ఫొటోలు వేస్తాయి. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ వసారా, వెలుతురు, గాలి. నిజంగానే మంచి ఇల్లు. కానీ దాన్ని కట్టడానికి మట్టి తొక్కిన కాళ్ళు ఆ మండువాలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు.

మా పల్లెలో మొట్టమొదటి పెంకు కప్పు చర్చిది. రెండోది బడిది. ఎవరి సొంత ఇల్లూ కాదు. మా తాత జీతానికి ఉండే ఆసామి పాత ఇల్లు పడగొట్టినప్పుడు తాత మూడు వారాలు ఆ పనికి పోయాడు. కూలి కింద ఒక తలుపు ఇచ్చారు. టేకుది. పైన రెండు చిలకలు చెక్కి ఉన్నాయి. ఇచ్చేటప్పుడు ఆసామి ఒక షరతు పెట్టాడంట: "చిలకలు చెక్కేసి పెట్టుకోరా. నీ గుమ్మానికి చిలకలేందిరా?" తాత వడ్రంగిని బతిమాలి బాడిసతో ఆ చిలకల్ని చెక్కించేశాడు. ఆ తలుపు మీద రెండు గుంటలు మిగిలాయి. చిన్నప్పుడు నేను ఆ గుంటల్లో వేళ్ళు పెట్టి ఆడుకునేదాన్ని. అవేమిటో నాకు పదిహేనేళ్ళ వయసులో నాయనమ్మ చెప్పింది. పాత సామాను మళ్ళీ వాడటం అనగానే నాకు ఆ గుంటలే గుర్తొస్తాయి.

ఇప్పుడు మట్టి ఇంటిని మళ్ళీ గౌరవంలోకి తెచ్చిన ఇద్దరు ఆర్కిటెక్టుల గురించి చెప్పుకోవాలి. ఇద్దరిదీ మంచి మనసే. అందుకే వాళ్ళనుంచి నేర్చుకోవాల్సింది ఎక్కువ.

మొదటివాడు ఈజిప్టు ఆర్కిటెక్టు హసన్ ఫతీ. సిమెంటు, ఇనుము పేదవాడికి అందవని, కాళ్ళ కింది మట్టి అందుతుందని నమ్మాడు. మట్టి ఇటుకతో గోడలు లేపాడు కానీ, కప్పుకి కలప లేదు. కింద చెక్క ఆధారం లేకుండానే మట్టి ఇటుకలతో వంపు కప్పు కట్టే విద్య అస్వాన్ దగ్గర నూబియా మేస్త్రీలకి తెలుసు. తరాలుగా వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య అది. ఫతీ వాళ్ళని పిలిపించుకున్నాడు. 1945లో లక్సర్ ఎదురుగా న్యూ గూర్నా అనే ఊరు కట్టడం మొదలైంది. పురాతన సమాధుల మీద ఇళ్ళు కట్టుకుని బతుకుతున్న గూర్నా జనాన్ని అక్కడికి తరలించాలని ప్రభుత్వం అనుకుంది. ఫతీ కట్టిన ఊరు అందంగా ఉంది, చల్లగా ఉంది. జనం రాలేదు. వాళ్ళ బతుకుతెరువు పాత చోటే ఉంది. పైగా వాళ్ళ దృష్టిలో గుమ్మటం అంటే సమాధి మీద ఉండేది. ఊరు సగంలోనే ఆగిపోయింది. ఫతీ రాసిన పుస్తకం మాత్రం ప్రపంచమంతా తిరిగింది. ఆ మేస్త్రీల పేర్లు ఎంతమందికి తెలుసు? జనానికి మంచిదేదో జనాన్ని అడగకుండా నిర్ణయిస్తే ఏమవుతుందో గూర్నా చెప్తుంది.

రెండోవాడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులో పుట్టాడు, కుష్టురోగుల ఆసుపత్రుల కట్టడాల పని మీద మన దేశానికి వచ్చాడు, 2007లో తిరువనంతపురంలో పోయాడు. హిమాలయాల్లో పిథోరాగఢ్ దగ్గర పదహారేళ్ళు ఉండి, అక్కడి పల్లె జనం రాయిని, మట్టిని, చెక్కని ఎలా వాడుతున్నారో చూసి నేర్చుకున్నాడు. వాళ్ళే తన గురువులని దాచుకోకుండా చెప్పుకున్నాడు. కేరళ వచ్చాక ఆయన చేసిన పనులు మనకి ఇప్పటికీ పనికొస్తాయి. ఇటుకల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ గోడ కట్టడం ఒకటి. ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇటుకలు దాదాపు పావు వంతు మిగులుతాయి, మధ్య ఖాళీలో గాలి వేడిని ఆపుతుంది. ఫిల్లర్ స్లాబు ఇంకొకటి. స్లాబులో కింది భాగం కాంక్రీటు బరువు తప్ప బలం ఇవ్వని చోట పాత పెంకులు పరుస్తారు. సిమెంటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది, లోపలికి వేడి తగ్గుతుంది. కిటికీ చెక్కకి డబ్బు లేకపోతే గోడలోనే ఇటుకల మధ్య కన్నాలు వదిలి జాలీ కట్టాడు. పడగొట్టిన ఇళ్ళ తలుపులు, దూలాలు తన సొంత ఇంటికే వాడుకున్నాడు.

బేకర్ దగ్గర నాకు నచ్చేది, పేదవాడికి ఒక పద్ధతి, ఉన్నవాడికి ఒక పద్ధతి అని ఆయన విడదీయకపోవడం. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ క్యాంపస్ ఎలా కట్టాడో, మురికివాడ ఇళ్ళూ అదే ఇటుక, అదే జాలీతో కట్టాడు. తేడా ఎక్కడుందంటే నేలలో. బేకర్ ఇల్లు బాగా పనిచేయాలంటే చుట్టూ చెట్టు ఉండాలి, గాలి రావడానికి సందు ఉండాలి. కేరళ భూసంస్కరణల్లో గుడిసెల్లో ఉండేవాళ్ళకి దక్కింది పల్లెల్లో పది సెంట్లు, పట్టణాల్లో అయిదు, నగరాల్లో మూడు. దున్నే భూమి చాలావరకు దళితులకి రాలేదు. వాళ్ళు కాలనీల్లోనే మిగిలారు. ఆ 'కాలనీ' అనే మాటే తిట్టులా మారిపోయింది. చివరికి 2024 జూన్‌లో కేరళ మంత్రి కె. రాధాకృష్ణన్, తనూ దళితుడే, పదవి వదిలే ముందు ఆ మాటని ప్రభుత్వ వాడుకలోంచి తీసేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. గోడ ఎంత బాగా కట్టినా, అది నిలబడిన నేలా, దానికి పెట్టిన పేరూ మారకపోతే ఇల్లు మారినట్టు కాదు.

ఇక మన స్లాబు దగ్గరికి వద్దాం.

1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టినప్పుడు అది ముందు ఎస్సీ, ఎస్టీలకి, వెట్టినుంచి విడుదలైనవాళ్ళకి ఉద్దేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1979లోనే గృహనిర్మాణ సంస్థ వచ్చింది. 1983 తర్వాత పక్కా ఇల్లు అనే మాట ఎన్నికల మాట అయింది. అదే 1985 జూలై 17న కారంచేడు. అక్కడినుంచి తప్పించుకుని చీరాల చేరిన మనవాళ్ళు ఊరికి తిరిగి పోలేదు. చీరాలలోనే కొత్త కాలనీ కట్టుకున్నారు. పాత ఊళ్ళో ఉన్న ఇల్లు చల్లనిదా వేడిదా అన్నది అప్పుడు ప్రశ్నే కాదు. తలుపేసుకుంటే ప్రాణం నిలబడుతుందా అన్నదే ప్రశ్న.

మా ఇంటికి స్లాబు 1997లో పడింది. ఒక గది, ఒక వసారా. పథకం డబ్బు సరిపోక అమ్మ కమ్మలు పోయాయి. సెంట్రింగుకి చెక్కలు తక్కువైతే నాన్న ఆ పాత తలుపు కూడా పరిచాడు. కాంక్రీటు పోసిన రాత్రి మా పల్లెలో ఎవరూ నిద్రపోలేదు. నాయనమ్మ కింద నిలబడి పైకి చూస్తూ, "ఇంక నిప్పుకి భయం లేదే అమ్మాయ్" అంది. ఆ మాట విన్నవాళ్ళెవరూ, స్లాబు మోజు పేదవాళ్ళ తెలివితక్కువతనం అని రాయలేరు.

ఆ స్లాబు ఎవరికి కంటగింపు అయిందో కూడా గుర్తుంచుకోండి. 1995 ఆగస్టు 31న తమిళనాడు కొడియంకుళంలో పోలీసులు దళితుల ఇళ్ళలోకి దూరి టీవీలు, మిక్సీలు, కుట్టుమిషన్లు పగలగొట్టారు. గల్ఫుకి పోయి కూలి చేసి తెచ్చుకున్న సొమ్ముతో బాగుపడిన ఊరది. 2012 నవంబరు 7న ధర్మపురి జిల్లా నత్తం కాలనీ, పక్క కాలనీలు కలిపి 250కి పైగా దళితుల ఇళ్ళు లూటీ అయ్యాయి, తగలబడ్డాయి. అందులో బెంగళూరుకి పోయి పనిచేసి కట్టుకున్న పక్కా ఇళ్ళు ఎన్నో. గుడిసెలో ఉంటే నిప్పు పెడతారు, స్లాబు వేసుకుంటే నిప్పు పెట్టడానికి పెట్రోలు తెస్తారు. బాబాసాహెబ్ దాదర్‌లో తన పుస్తకాల కోసం రాజగృహ కట్టుకున్నప్పుడు గట్టి ఇల్లే కట్టుకున్నారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లె మీద మోజు పడేవాళ్ళని ఆయన ఎందుకు అంత గట్టిగా ప్రశ్నించారో ఇదంతా చూస్తే అర్థమవుతుంది.

అయితే నిజాన్ని దాచకూడదు. ఆ స్లాబు కింద ఇప్పుడు మనవాళ్ళు ఉడికిపోతున్నారు.

నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండ తాగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఆ వేడిని లోపలికి వదులుతుంది. గది ఎత్తు తక్కువ, కిటికీ ఒకటే, పక్కింటి గోడ రెండడుగుల్లో. పైన ఇంకో అంతస్తు ఉంటే నీడ పడేది, అదీ లేదు. సిమెంటు రేకుల ఇల్లయితే ఇంకా ఘోరం. 2015 మే నెల వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారని ప్రభుత్వాలే చెప్పాయి. ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్ళు, ముసలివాళ్ళు. పగలంతా ఎండలో ఉన్న ఒళ్ళు రాత్రి చల్లబడాలి. రాత్రి కూడా ఇల్లు చల్లబడకపోతే ఆ ఒళ్ళు కోలుకునేదెప్పుడు? ఆ ఏడాది మే నెలంతా మా అమ్మానాన్నా రోడ్డు మీదే పడుకున్నారు. ఆ నెలలోనే ఒకరోజు మధ్యాహ్నం నాయనమ్మ మంచం మీద లేవలేదు. వడదెబ్బ అని ఎక్కడా నమోదు కాలేదు. వయసు మీద పడి పోయిందన్నారు. ఆమెకి నిప్పు భయం లేని ఇల్లు దక్కింది. చల్లని ఇల్లు పోయింది. ఈ రెండిట్లో ఏదో ఒకటే తీసుకోమని చెప్పిందెవరు?

నేను చెప్పదలచుకున్నది ఇదే మిత్రులారా. గుడిసెకి తిరిగి పొమ్మని చెప్పేవాళ్ళ మాట మనకొద్దు. కాంక్రీటు పెట్టె ఇచ్చి సర్దుకోమనేవాళ్ళ మాట కూడా వద్దు. చల్లదనం మనవాళ్ళ చదువు. భద్రత మనవాళ్ళ హక్కు. రెండూ ఒకే ఇంట్లో కావాలని అడగాలి.

అడగడానికి ముందు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఉన్న స్లాబుకి చేయగలిగినవి ఉన్నాయి. వేసవికి ముందు కప్పు మీద తెల్లసున్నం వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. టైల్స్ షాపుల దగ్గర పారేసే తెల్ల ముక్కలు ఏరి, కప్పు మీద సిమెంటులో అతికితే ఏళ్ళ తరబడి అదే పని చేస్తుంది. తాటాకు పందిరి స్లాబు మీద వేయొచ్చు, కానీ నిప్పు సంగతి మర్చిపోవద్దు. దానికన్నా పాదు తీగ మేలు. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. అది మన కాలనీల కప్పుల దాకా వచ్చిందా అని ఆ రాష్ట్రంలోని మిత్రులు మున్సిపాలిటీలో అడగండి. కొత్తగా ఇల్లు మంజూరైన చోట ఫిల్లర్ స్లాబు, ర్యాట్ ట్రాప్ గోడ కట్టనిస్తారా అని హౌసింగ్ ఇంజనీరుని అడగండి. ఎదురెదురు కిటికీలు, కప్పు కింద గాలి కన్నాలు ఉన్నాయో లేదో ప్లానులో చూడండి.

అన్నిటికన్నా ముందు నేల. ఆంధ్రప్రదేశ్‌లో మొన్నటి పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. సెంటు అంటే 48 గజాల చిల్లర. అందులో గోడ మందం పెంచితే గది పోతుంది. చెట్టు పెడితే వసారా పోతుంది. గాలి రావాలంటే పక్కింటితో తగువు. ఇంటి చల్లదనం గోడలో ఎంతుందో చుట్టూ ఉన్న జాగాలో అంతకన్నా ఎక్కువ ఉంది. సెంటు జాగాలో నిలబడి పర్యావరణహితం గురించి ఎవరైనా పాఠం చెప్తే, ముందు నేల సంగతి తేల్చమనండి.

విద్యార్థులకి చివరగా ఒక పని. ఈ వేసవి సెలవుల్లో మీ నాయనమ్మ, అమ్మమ్మ దగ్గర కూర్చోండి. మట్టి ఎక్కడినుంచి తెచ్చారు, ఎంత గడ్డి కలిపారు, వరసకి ఎన్ని రోజులు ఆగారు, ఏ పేరుతో ఏ కర్రని పిలిచేవాళ్ళు, ఇల్లు ఎన్నిసార్లు కాలింది, ఎవరు కాల్చారు... అన్నీ ఫోనులో రికార్డు చేయండి. పద్ధతి ఒక్కటే రాసి, కాలిన సంగతి వదిలేయొద్దు. రేపు ఈ విద్యకి డిగ్రీలు, అవార్డులు వస్తాయి. అప్పుడు అక్కడ మన పెద్దవాళ్ళ పేర్లు ఉండాలంటే ఇప్పుడు రాయాలి.

మా తాత తలుపు ఇప్పటికీ ఉంది. సిమెంటు మరకలతో వసారాలో గోడకి ఆనించి ఉంటుంది. రిసార్టుల వాళ్ళకి పాత తలుపులు కొనిపెట్టే బేరగాడు ఒకాయన పోయిన ఏడాది వచ్చి మంచి ధరే చెప్పాడు. ఆ రెండు గుంటలు పూడ్చి చిలకలు మళ్ళీ చెక్కిస్తామన్నాడు. అమ్మ అమ్మనంది. వచ్చే నెలలో పై గది వేస్తున్నాం. కింద స్లాబుకి నీడ పడుతుందని, పైది ఫిల్లర్ స్లాబు వేయమని మేస్త్రీతో నెల నుంచి తగువు పడుతున్నాను. ఆ గదికి ఈ తలుపే పెడతాం. గుంటలు అలాగే ఉంటాయి.

వచ్చే ఆదివారం ఇంకో భాగంతో కలుస్తాను. మీ ఇళ్ళ సంగతులు కింద రాయండి, అన్నీ చదువుతాను.

జై భీమ్.